ఆకాశంలో కొలబద్ద లేదు: మహాపక్షుల కథలు, కళ్ళారా చూశామన్న మాటలు

1871లో న్యూజిలాండ్ దక్షిణ దీవిలోని గ్లెన్‌మార్క్ ఎస్టేట్‌లో ఒక చిత్తడి నేలను తవ్వుతుంటే, మోవా పక్షుల ఎముకల మధ్య వాటికి సంబంధం లేని తొడ ఎముక ఒకటి, పెద్ద పెద్ద వంకర గోళ్ళు బయటపడ్డాయి. మోవాలు నిప్పుకోడి తరహా పక్షులు, ఎగరలేవు. వాటికి అలాంటి గోళ్ళు ఉండవు. క్రైస్ట్‌చర్చ్‌లో క్యాంటర్‌బరీ మ్యూజియం డైరెక్టర్‌గా ఉన్న జూలియస్ హాస్ట్ ఆ ఎముకలను పరిశీలించి, మరుసటి ఏడాది ఒక కొత్త పక్షిని శాస్త్రలోకానికి పరిచయం చేశాడు. అదొక గద్ద. ఆడపక్షి 10 నుంచి 15 కిలోల దాకా తూగేది. రెక్కలు చాపితే ఈ కొస నుంచి ఆ కొసకు 2.6 నుంచి 3 మీటర్లు. ఇవాళ బతికున్న గద్దల్లో బాగా బరువైన స్టెల్లర్ సముద్ర గద్ద కూడా 9 కిలోలు దాటడం అరుదు.

ఆ పక్షి శాస్త్రానికి కొత్తే గానీ మావోరీలకు కొత్త కాదు. కొండ మీద గూడు కట్టుకుని, కిందికి వచ్చి మనుషులను ఎత్తుకుపోయే పౌఆకాయ్ అనే పక్షి గురించి వాళ్ళ పెద్దలు చెబుతూనే ఉన్నారు. హోకియోయి అనే మరో పేరుతో గవర్నర్ జార్జ్ గ్రే నమోదు చేసుకున్న కథనంలోనైతే రంగులతో సహా వర్ణన ఉంది: నలుపూ తెలుపూ కలిసిన ఒళ్ళు, తల మీద ఎర్ర జుట్టు, రెక్కల చివర్లలో పసుపు పచ్చటి ఛాయ. తూర్పు పాలినీషియా నుంచి మావోరీల పూర్వీకులు 13వ శతాబ్దంలో ఈ దీవులకు చేరారు. రెండు వందల ఏళ్ళు తిరగకుండానే మోవాలు వేటకు బలై అంతరించాయి. మోవాలనే తిని బతికిన గద్ద కూడా వాటి వెంటే పోయింది. అంటే 19వ శతాబ్దంలో తెల్లవాళ్ళు రాసుకున్న ఆ కథలు అప్పటికి నాలుగైదు వందల ఏళ్ళుగా నోటి మాటగానే నడిచి వచ్చాయి. ఎముక ఒక్కటీ చేతిలో లేకుండా ఇన్ని తరాలు నిలిచిన జ్ఞాపకం అది. దాన్ని పుక్కిటి పురాణం అని కొట్టిపారేసిన వాళ్ళదే చివరికి తొందరపాటు అని తేలింది.

శాస్త్రవేత్తలు కూడా వెంటనే ఒప్పుకోలేదు. ఇంత బరువున్న పక్షి వేటాడలేదని, చచ్చిన వాటిని పీక్కుతిని బతికి ఉంటుందని హాస్ట్ కాలం నుంచీ ఒక వాదన ఉంది. మోవాల కటి ఎముకల మీద దొరికిన లోతైన గోటి గాట్లు వేరే మాట చెప్పాయి. 2009లో సీటీ స్కాన్‌ల సాయంతో చేసిన అధ్యయనం, ఇది చురుగ్గా వేటాడే పక్షేనని బలపరిచింది. 2021లో వచ్చిన మరో పరిశోధన పుర్రె, ముక్కు, గోళ్ళ నిర్మాణాన్ని ఇతర పక్షులతో పోల్చి ఇంకో మలుపు చూపించింది. ఈ పక్షి గద్దలాగా చంపేది, తినడం మాత్రం రాబందులాగా తల లోపలికి దూర్చి పేగులు లాగి తినేది. అలా తినే పక్షులకు తల మీద ఈకలు ఉండవు, ఉంటే రక్తంతో అట్టలు కడతాయి.

దక్షిణ క్యాంటర్‌బరీలో ఒక గుహ గోడ మీద మావోరీల పూర్వీకులు గీసిన పెద్ద పక్షి బొమ్మ ఉంది. ఒళ్ళంతా నల్ల రంగు నింపి, తలా మెడా మాత్రం రంగు వేయకుండా వదిలేశారు. బోడి తల అన్న ఆలోచనకు ఆ బొమ్మ సరిగ్గా అతుకుతుందని పరిశోధకులు ఎత్తి చూపారు. అయితే గ్రే విన్న కథలో ఎర్ర జుట్టు ఉంది కదా అంటారా? ఉంది. కథ నోళ్ళు మారుతూ వచ్చింది, బొమ్మ గీసిన చోటే ఉంది. రెండింట్లో దేన్ని ఎక్కువ నమ్మాలో చెప్పనక్కర్లేదు.

మనుషులను ఎత్తుకుపోవడం సంగతేమిటి? 15 కిలోల పక్షి పెద్ద మనిషిని లేవనెత్తలేదు, చిన్న పిల్లల మీద పడి చంపగలిగి ఉండొచ్చు. ఈ భయానికి చాలా పాత మూలాలే ఉన్నాయి. 1924లో దక్షిణాఫ్రికాలోని టౌంగ్ దగ్గర దొరికిన, 20 లక్షల ఏళ్ళకు పైబడిన శిశువు పుర్రె మానవ పరిణామ చరిత్రలో చాలా పేరున్నది. 2006లో దాని కంటి గుంటల్లోని గాట్లను మళ్ళీ పరిశీలించినప్పుడు, అవి ఆఫ్రికా కిరీట గద్ద కోతులను తిన్నాక వాటి పుర్రెల మీద మిగిల్చే గాట్లలాగే ఉన్నాయని తేలింది. ఆ మానవ పూర్వీక జాతి పిల్లలకు చిరుతపులుల భయంతో పాటు పైనుంచి వచ్చే భయమూ ఉండేదన్నమాట. గరుత్మంతుడు, జటాయువు, గండభేరుండం లాంటి ఊహలు లోకంలో ఇన్ని చోట్ల పుట్టడానికి ఇదొక్కటే కారణమని అనలేం. కానీ పిల్లవాడిని గద్ద తన్నుకుపోతుందేమో అన్న దిగులు మాత్రం కథలు పుట్టక ముందు నుంచీ ఉన్నదే.

న్యూజిలాండ్ కథ వెనక బతికిన పక్షి ఉంది. హిందూ మహాసముద్రపు నావికుల రుక్ కథ మాత్రం అలా నడవలేదు. ఏనుగులను గాల్లోకి ఎత్తి, కింద పడేసి, చచ్చాక తినే పక్షి అని సింద్‌బాద్ కథల ద్వారా లోకమంతా విన్నది దాని గురించే. 13వ శతాబ్దం చివర్లో మార్కో పోలో కూడా మడగాస్కర్‌కు దక్షిణాన ఉన్న దీవుల్లో ఇది ఉంటుందని విన్నాడు. రెక్కల విస్తారం 30 అంగలు, ఒక్కో ఈక 12 అంగలు అని లెక్క కూడా చెప్పాడు. తాను చూశానని అనలేదు. సగం సింహం, సగం పక్షి అని యూరప్‌లో చెప్పుకునే జంతువు ఇది కాదని, చూసినవాళ్ళు గద్దలాగే ఉందన్నారని కూడా రాశాడు. కుబ్లయ్ ఖాన్ దూతలు ఆ దీవుల నుంచి 90 జానల పొడవున్న ఈక ఒకటి తెచ్చి చక్రవర్తికి చూపించారట.

ఆ ఈక ఏమై ఉంటుంది? మార్కో పోలో గ్రంథానికి 19వ శతాబ్దంలో వివరణ రాసిన హెన్రీ యూల్, అది మడగాస్కర్‌లో పెరిగే రాఫియా తాటి మట్ట అయి ఉండొచ్చని సూచించాడు. మొక్కల ప్రపంచంలో అన్నిటికంటే పొడవైన ఆకులు రాఫియా జాతివే, కొన్ని 20 మీటర్లు దాటుతాయి. మధ్యన ఈనె, రెండు వైపులా సన్నటి పాయలు. ఎండిన మట్టను దూరదేశంలో విప్పి చూపిస్తే ఈక అనుకోవడం అంత కష్టం కాదు. ఇది ఊహే, రుజువు కాదు. అయినా చేతికి దొరికిన వస్తువు నుంచి కథ ఎలా పెరుగుతుందో అర్థం చేసుకోవడానికి ఇంతకంటే మంచి ఉదాహరణ దొరకడం కష్టం.

మడగాస్కర్‌లో ఇంకో వస్తువు ఉంది. దాని గురించి ఊహించాల్సిన పని లేదు. అంతరించిపోయిన ఏనుగు పక్షి గుడ్డు అది. 30 సెంటీమీటర్లకు పైగా పొడవు, లోపల సుమారు 8 నుంచి 10 లీటర్లు పడుతుంది. దాదాపు 150 కోడిగుడ్ల పెట్టు. 17వ శతాబ్దంలో ఆ దీవికి ఫ్రెంచ్ గవర్నర్‌గా వెళ్ళిన ఎటియెన్ ద ఫ్లాకూర్, దక్షిణాన నిర్జన ప్రదేశాల్లో తిరిగే ఒక పెద్ద పక్షి, నిప్పుకోడి లాంటి గుడ్లు అని రాసిపెట్టాడు. 1850 ప్రాంతంలో నిజంగానే గుడ్లు, ఎముకలు పారిస్ చేరాయి. 1851లో జెఫ్రోయ్ సాంతిలేర్ దానికి శాస్త్రీయ నామం పెట్టాడు. వీటిలో అతిపెద్దవి అర టన్ను పైన తూగేవి. ఇంత పెద్ద గుడ్డు కళ్ళ ముందు కనబడితే, దాన్ని పెట్టిన పక్షికి రెక్కలు ఎంత ఉండాలో నావికుడి బుర్ర తనంతట తానే లెక్క కడుతుంది. అసలు సంగతేమిటంటే ఆ పక్షి నేల విడిచి లేచిందే లేదు. డీఎన్ఏ ప్రకారం దాని దగ్గరి చుట్టం న్యూజిలాండ్‌లోని కోడి పరిమాణపు కివీ.

రుక్‌ను చూశామన్న కథనాల్లో మొరాకో యాత్రికుడు ఇబ్న్ బతూతాది మరీ ఆసక్తికరం. 14వ శతాబ్దంలో చైనా వైపు సముద్రం నుంచి తిరిగి వస్తుండగా, తెల్లవారుజామున దూరంగా ఒక కొండ కనిపించింది. అక్కడ కొండ ఉండకూడదు. గాలి ఓడను అటే నెడుతోంది. పొద్దెక్కేసరికి ఆ కొండ నీటిని వదిలి గాల్లోకి లేచింది, కింద వెలుతురు కనిపించింది. అది రుక్ అని, మనల్ని చూస్తే పని అయిపోయిందని నావికులు ఏడుపు మొదలుపెట్టారు. ఇంతలో గాలి మళ్ళింది, ఓడ దూరమైంది. దాని అసలు ఆకారం ఏమిటో చూడలేదని ఆయనే రాశాడు. సముద్రం మీద చల్లటి గాలి పొర పైన వెచ్చటి పొర నిలిచినప్పుడు దూరపు దీవులు నీటి మీద తేలుతున్నట్టు కనిపిస్తాయి. ఆ రకం ఎండమావి అని తీసుకుంటే ప్రతి వివరమూ సరిపోతుంది. ఆయన అబద్ధం చెప్పలేదు. చూసినదాన్ని నిజాయితీగానే చెప్పాడు, దాని పేరు మాత్రం నావికుల దగ్గర తీసుకున్నాడు.

ఉత్తర అమెరికా పసిఫిక్ తీరంలోని మకా, క్విలూట్, నూచానుల్త్ వంటి ఆదివాసీ జాతుల కథల్లో పిడుగు పక్షి తిమింగలంతో పోరాడుతుంది. దాన్ని ఎత్తి నేలకేసి కొడుతుంది, భూమి అదురుతుంది, సముద్రం పొంగి ఊళ్ళ మీద పడుతుంది. చాలాకాలం దీన్ని ఉరుములకు చెప్పిన పిట్టకథగానే చూశారు. ఆ తీరంలో ఉప్పునీట మునిగి చచ్చి నిలబడిన దేవదారు చెట్లు, ఇసుక పొరలు, జపాన్‌లో ఏ భూకంపమూ లేకుండా వచ్చిన సునామీ గురించిన పాత రికార్డులు కలిపి చూశాక, 1700 జనవరి 26 రాత్రి అక్కడ 9 తీవ్రతకు దగ్గరగా భూకంపం వచ్చిందని తేలింది. భూకంప శాస్త్రవేత్తలు ఆ తర్వాత ఈ కథలను వరుసగా సేకరించి, వాటిలోని తరాల లెక్కలు ఆ కాలానికి దగ్గరగా వస్తున్నాయని చూపించారు. ఇక్కడ కథ గుర్తుపెట్టుకున్నది పక్షిని కాదు, భూకంపాన్ని. పిడుగు పక్షి రెక్కల పొడవు ఎంత అని వాదించుకునేవాళ్ళు ఈ విషయాన్నే పక్కన పెట్టేస్తారు. ఆ కథను కాపాడుకున్న జాతులకు ఇది అన్యాయం.

అదే పేరును తర్వాత అమెరికా పత్రికలు వాడుకున్న తీరు వేరు. 1890 ఏప్రిల్‌లో అరిజోనాలోని టూంబ్‌స్టోన్ పట్టణపు పత్రికలో ఒక వార్త వచ్చింది. ఎడారిలో ఇద్దరు గుర్రాల మీద ఒక రెక్కల జంతువును తరిమి కాల్చి చంపారు, పొడవు 92 అడుగులు, రెక్కలు చాపితే 160 అడుగులు అని. ఈకలు లేవు, తోలు రెక్కలు, మూతి నిండా పళ్ళు. పాఠకులను పట్టుకోవడానికి ఆనాటి పత్రికలు ఇలాంటివి అల్లడం మామూలే. ఇక్కడ ఆగాల్సింది వార్త దగ్గర కాదు, ఫోటో దగ్గర. 1960ల నుంచి, కొట్టాం గోడకు మేకులతో కొట్టిన పెద్ద పక్షి, దాని ముందు చేతులు చాపి నిలబడ్డ మనుషులు ఉన్న ఫోటోను తాము చూశామని ఎంతోమంది చెబుతూ వచ్చారు. ఏ పత్రికలోనో గుర్తులేదు, ఫోటో మాత్రం కళ్ళకు కట్టినట్టు గుర్తుంది. పాత సంచికలన్నీ తిరగేశారు, దొరకలేదు. వర్ణన పదేపదే వింటే మనసు దానికి బొమ్మ కడుతుంది, కొన్నాళ్ళకు ఆ బొమ్మే జ్ఞాపకంగా మారుతుంది. వాళ్ళు అబద్ధాలకోరులు కారు. సాక్ష్యం అన్నదాన్ని తూచేటప్పుడు మనిషి మంచివాడా కాదా అన్న ప్రశ్న ఎందుకు సరిపోదో ఈ ఫోటోయే చెబుతుంది.

1977 జూలైలో ఇల్లినాయిస్ రాష్ట్రంలోని లాన్‌డేల్ అనే చిన్న ఊళ్ళో జరిగిందని చెప్పే ఘటన అందరికంటే ఎక్కువ చర్చకు వచ్చింది. సాయంత్రం పెరట్లో ఆడుకుంటున్న పదేళ్ళ అబ్బాయిని రెండు పెద్ద పక్షుల్లో ఒకటి పట్టుకుని కొంత దూరం లాక్కుపోయి వదిలేసిందని, తల్లితో సహా కొందరు పెద్దలు చూశారని వార్త. నల్లటి పక్షి, మెడ చుట్టూ తెల్లటి పట్టీ, రెక్కలు చాపితే 8 నుంచి 10 అడుగులు. ఈ వర్ణన దక్షిణ అమెరికాలో ఉండే పెద్ద రాబందు, ఆండీస్ కాండోర్‌కు అచ్చంగా సరిపోతుంది. చిక్కు కూడా అక్కడే ఉంది. కాండోర్ పాదాలు నడవడానికి, కళేబరాన్ని తొక్కిపట్టడానికే తప్ప ఎత్తుకుపోవడానికి పనికిరావు, గోళ్ళు మొద్దుగా ఉంటాయి. గద్దల్లోనూ తన బరువులో సగానికి మించి మోస్తూ ఎగరగలిగేవి తక్కువ. పదేళ్ళ పిల్లవాడు 25, 30 కిలోలు ఉంటాడు. ఆ పెరట్లో ఏదో జరిగి ఉండొచ్చు. పక్షి మీదికి దూకి ఉండొచ్చు, చొక్కా పట్టుకుని ఉండొచ్చు, పిల్లవాడు భయంతో పరుగెత్తి ఉండొచ్చు. ఎత్తుకుపోయింది అన్న మాట దగ్గర మాత్రం శరీర శాస్త్రం అడ్డం పడుతుంది. ఆ కుటుంబాన్ని తర్వాత చాలా ఎగతాళి చేశారు. భయపడ్డ పిల్లవాడిని ఎగతాళి చేయడం ఏ శాస్త్రం కిందకూ రాదు.

దాదాపు అన్ని కథనాల్లోనూ ముందుగా తప్పేది కొలత. చెట్టు పక్కనో ఇంటి కప్పు మీదో ఉన్న పక్షిని పోల్చి చూడటానికి ఏదో ఒకటి ఉంటుంది. ఖాళీ ఆకాశంలో ఏమీ ఉండదు. దూరం తెలియకపోతే పరిమాణం తెలియదు. 100 మీటర్ల ఎత్తులో ఉన్న రెండు మీటర్ల పక్షి, 300 మీటర్ల ఎత్తులో ఉన్న ఆరు మీటర్ల పక్షి కంటికి ఒకటే. దీనికి భయం తోడైతే గోరంత కొండంత అవుతుంది. అందుకే రెక్కలు ఎన్ని అడుగులు అన్న లెక్క కన్నా, మెడ చాపి ఎగిరిందా ముడిచి ఎగిరిందా, కాళ్ళు తోక దాటి వెనక్కి వచ్చాయా, రెక్కలు ఆడించిందా గాలి మీద తేలిందా అన్న వివరాలే ఎక్కువ విలువైనవి. 1966లో వెస్ట్ వర్జీనియాలో ఎర్ర కళ్ళ రెక్కల మనిషి కనిపించాడన్న గొడవ రేగినప్పుడు, విశ్వవిద్యాలయ జీవశాస్త్రవేత్త ఒకరు అది దారి తప్పిన శాండ్‌హిల్ కొంగ కావచ్చన్నారు. మనిషి ఛాతీ దాకా వచ్చే ఎత్తు, కళ్ళ చుట్టూ ఎర్రటి చర్మం.

మన దగ్గరా ఇది జరిగింది. 2017లో విశాఖపట్నంలో కట్టుబడి జరుగుతున్న భవనంలో మూడు వింత ఆకారాలు నిటారుగా నిలబడి చూస్తున్న వీడియో ఒకటి వాట్సాప్‌లో, తర్వాత ప్రపంచమంతా తిరిగింది. గ్రహాంతరవాసులు అన్నారు. అవి ఈకలు ఇంకా రాని గుడ్లగూబ పిల్లలు, బార్న్ ఔల్ అనే జాతివి, మన ఊళ్ళలో పాత ఇళ్ళలో, గుళ్ళలో ఉండే రకమే. పక్కనే, వెలుతురులో, కెమెరా ముందు నిలబడినా జనం గుర్తుపట్టలేదంటే, సంధ్యవేళ ఆకాశంలో క్షణంపాటు కనబడిన పక్షి గురించి ఎంత జాగ్రత్తగా మాట్లాడాలో ఆలోచించండి.

ఈ జాగ్రత్త పక్షుల ప్రాణాల కోసం కూడా అవసరం. 1976లో టెక్సాస్‌లోని రియో గ్రాండే లోయలో పెద్ద పక్షి కనిపించిందన్న టెన్షన్ పాకినప్పుడు పట్టుకున్నవాళ్ళకు బహుమతులు ప్రకటించారు. కనిపించిన ప్రతి పెద్ద పక్షినీ కాల్చవద్దని వన్యప్రాణి అధికారులు హెచ్చరించాల్సి వచ్చింది. ఆ రాష్ట్ర తీరానికి శీతాకాలంలో వచ్చే వూపింగ్ కొంగలు అప్పటికి వందకు లోపే మిగిలి ఉన్నాయి. కాలిఫోర్నియా కాండోర్‌లు 1982 నాటికి 22కు పడిపోయాయి. మన దేశంలో పశువులకు వాడిన డైక్లోఫెనాక్ మందు వల్ల రాబందులు కళ్ళ ముందే కనుమరుగయ్యాయి. తెలంగాణలో కొమురం భీం ఆసిఫాబాద్ జిల్లా బెజ్జూర్ అడవిలోని పాలరాపు గుట్ట మీద పొడవు ముక్కు రాబందులు గూళ్ళు కట్టుకున్నాయని 2013 ప్రాంతంలో తెలిసినప్పుడు అది పెద్ద వార్త అయిందంటే కారణం అదే. రెండు మీటర్లు దాటిన రెక్కలతో తిరిగే నిజమైన పెద్ద పక్షి అది.

అయితే ఆరేడు మీటర్ల రెక్కల పక్షి ఎగరడం అసాధ్యమా? కాదు. సుమారు 60 లక్షల ఏళ్ళ కిందట అర్జెంటీనాలో ఎగిరిన అర్జెంటావిస్ 70 కిలోల బరువు, 5 నుంచి 7 మీటర్ల రెక్కలతో ఉండేదని అంచనా. అమెరికాలోని చార్లెస్టన్ విమానాశ్రయం దగ్గర 1983లో దొరికిన పెలగోర్నిస్ శిలాజం రెక్కలు 6 మీటర్లు దాటుతాయి. ఇవాళ రెక్కల పొడవులో మొదటి స్థానం ఆల్బట్రాస్‌ది, మూడున్నర మీటర్లు. పెద్ద పక్షికి బరువుతో పాటు ఈకలు మార్చుకోవడం కూడా కష్టమే. ఒళ్ళు పెరిగినంత వేగంగా ఈక పెరిగే వేగం పెరగదు. అందుకే అరిగిన ఈకల స్థానంలో కొత్తవి రావడానికి ఎక్కువ కాలం పడుతుంది, రాలిన ఈకలూ అంతే పెద్దవి. అలాంటి జాతి ఏదైనా ఖండంలో తరతరాలుగా బతుకుతుంటే గూళ్ళు, గుడ్డు పెంకులు, రాలిన ఈకలు, కళేబరాలు ఎక్కడో ఒకచోట ఎవరో ఒకరికి దొరకాలి.

2002లో అలాస్కా నైరుతిలోని పల్లెల్లో చిన్న విమానమంత పక్షిని చూశామని గ్రామస్తులు, ఒక పైలట్ చెప్పారు. చూసింది నిజమే, కొలత మాత్రం నమ్మలేమని, రష్యా వైపు నుంచి దారి తప్పి వచ్చిన స్టెల్లర్ సముద్ర గద్ద కావచ్చని జీవశాస్త్రవేత్తలు అన్నారు. అప్పుడు ఫోటో లేదు. 2020లో అదే జాతి గద్ద ఒకటి నిజంగానే అలాస్కా లోపలి ప్రాంతంలో కనిపించింది. 2021లో టెక్సాస్‌లో, ఆపైన కెనడా తూర్పు తీరంలో, డిసెంబర్‌లో మసాచుసెట్స్‌లో, తర్వాత మెయిన్‌లో ప్రత్యక్షమైంది. రెక్కల మీద తెల్ల మచ్చల తీరు చూసి, అన్నిచోట్లా కనిపించింది ఒకే పక్షి అని గుర్తించారు. ఒక్కటంటే ఒక్క పక్షి, వేల కిలోమీటర్లు తిరిగింది, వందలమంది ఫోటోలు తీశారు.

మడగాస్కర్ ఇసుకలో దొరికిన వెయ్యేళ్ళ నాటి గుడ్డు పెంకు ముక్కల నుంచే డీఎన్ఏ తీసి ఏనుగు పక్షుల వంశవృక్షం కట్టారు. రాలిన తాజా ఈక అయితే పని ఇంకా తేలిక, ఒక్కటి దొరికినా ఏ ప్రయోగశాల అయినా జాతిని తేల్చేస్తుంది. లాన్‌డేల్ తర్వాత ఇన్ని దశాబ్దాల్లో, ఇన్ని వార్తల్లో, అలాంటి ఈక ఒక్కటీ ఏ మ్యూజియం గడపా తొక్కలేదు.